సముద్రంల కేబుల్ తెంపిన ఓడను ఎట్ల పట్టుకుంటరు?

విభాగం: నెట్టు, ఫోను, కరెంటు ముచ్చట్లు

అరుణ_వనపర్తి, రాత్రి 9:12

అందరికీ నమస్తే. చాన రోజుల సంది అడుగుదామనుకుంటున్న. 2025 సెప్టెంబర్ 6, శనివారం. నాది రాత్రి డ్యూటీ, ఇంట్ల నుంచే. క్లయింటు యూరప్‌ల. ఫైల్ నొక్కితే గుండ్రం తిరుగుడే తిరుగుడు, తెరుచుకోదు. యూట్యూబ్ మాత్రం సక్కగ నడుస్తున్నది. మా మేనేజరు "మీ ఊర్ల నెట్టు గంతే" అని ఒక మాట అన్నడు. అమ్మ "రౌటర్ వైరు పీకి పెట్టు బిడ్డా" అంటే మూడు సార్లు పీకి పెట్టిన. తెల్లారి చూస్తే సౌదీల జెడ్డా దగ్గర ఎర్రసముద్రంల రెండు ఇంటర్నెట్ కేబుళ్లు తెగినయంట, ఎస్‌ఎండబ్ల్యూ4, ఐఎంఈడబ్ల్యూఈ. తమ క్లౌడ్ సర్వీసు అజూర్ ఆలస్యమైతదని మైక్రోసాఫ్టే ప్రకటన ఇచ్చింది. అది స్క్రీన్‌షాట్ తీసి మేనేజరుకు పంపిన. సప్పుడు లేదు.

తర్వాత, ఏదో ఓడ లంగరు ఈడ్చుకపోయి తెంపి ఉంటది అన్నరు. నా డౌటు గంతనే. అంత సముద్రంల, అన్ని ఓడలు తిరుగుతుంటే, ఏ ఓడ అని ఎట్ల పడతరు? పట్టినంక ఏం చేస్తరు?

నడిగడ్డ_పోరడు, రాత్రి 9:20

అక్కా, మనకు సముద్రమే లేకపాయె. జూరాల గేట్లు ఎత్తితే సూసి వచ్చుడే మన సముద్రం. ఇవన్ని పెద్ద దేశాల ఆటలు. కావాల్నని తెంపుతరు, లంగరు జారింది అంటరు. ఐపాయె.

శీనన్న_నకిరేకల్, రాత్రి 9:41

అరుణమ్మా, సముద్రం సంగతి నాకు తెల్వదు గని తెగిన కేబుల్ సంగతి తెలుసు. పద్నాలుగేండ్ల సంది ఫైబర్ జాయింట్లు కొట్టుడే నా పని. విజయవాడ రోడ్డు పొంటి నార్కట్‌పల్లి నుంచి కోదాడ దాక ఏ మ్యాన్‌హోల్ మూత ఎక్కడ పగిలిందో చీకట్ల గూడ చెప్త.

కేబుల్ తెగంగనే ఆఫీసుల అలారం కొడ్తది. ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు తెగిందో సెకన్లతో సహా పడ్తది. మేము ఒక కొసకు ఓటీడీఆర్ మిషన్ పెడ్తం. వెలుగు పంపుతది, తెగిన కాడ తాకి మళ్లొస్తది, దూరం లెక్క చూపిస్తది. గాని ఆ లెక్క నమ్మి బండేసుకొని పోతే మోసపోతం. మీటర్ల 14 కిలోమీటర్ల 200 అని ఉంటది, రోడ్డు మీద 13 కిలోమీటర్ల 600 కాడ్నే తెగి ఉంటది. ఎందుకంటే మ్యాన్‌హోల్ మ్యాన్‌హోల్‌కు చుట్టలు చుట్టి మిగులు కేబుల్ పెట్టి ఉంటం. ఏ గుంతల ఎన్ని చుట్టలున్నయో తెలిసినోడే స్పాటుకు సీదా పోతడు.

స్పాటుకు పోయినంక కొసలు చూడాలె. ఎవడన్న కోస్తే కొస సాఫ్‌గ ఉంటది. జేసీబీ పన్ను తగిలితే పైన నల్ల పైపు నలిగి చీరుకపోతది, లోపలి పోగులు సాగి సాగి ఒక్కోటి ఒక్కో పొడుగుల తెగుతయి. అలారం టైముకు ఆ రోడ్డు మీద ఎవని జేసీబీ నడిచిందో చాయ్ హోటలోన్ని అడిగితే చెప్తడు. దొంగను పట్టుడు సగం రోజు పని.

మూడేండ్ల కింద గట్లనే ఒకన్ని పట్టుకున్నం. పట్టుకొని ఏం చేసినమో తర్వాత చెప్త, అది పెద్ద కథ.

సరంగు_మిర్యాలగూడ, రాత్రి 10:05

శీనన్న చెప్పినదాంట్ల చాయ్ హోటల్ ఒక్కటి మార్చుకుంటే సముద్రంల గూడ గదే పద్ధతి.

నేను సరుకు ఓడల సెకండ్ ఆఫీసర్‌ని, ఇప్పుడు లీవుల ఇంటికాడ ఉన్న. అంతర్జాతీయంగ తిరిగే 300 టన్నుల పైబడ్డ ప్రతి ఓడకు ఏఐఎస్ అని ఒక పెట్టె ఉండాలె. ఓడ పేరు, ఎక్కడున్నది, ఎంత వేగం, ఎటు మొహం అని కొన్ని సెకన్లకోసారి కూస్తనే ఉంటది. ఒడ్డు మీద స్టేషన్లు, పైన ఉపగ్రహాలు ఇంటనే ఉంటయి. చాయ్ హోటలోడు అదే. కేబుల్ తెగిన నిమిషానికి ఆ గీత మీద ఎవడున్నడు అని వెనక్కి తిప్పి చూసుడే. పెట్టె ఆర్పేస్తే ఆర్పేసినోని మీద్నే అందరి కండ్లు పడ్తయి.

దానికంటె పెద్ద సాక్ష్యం వేగం. ఓడ పదకొండు నాట్ల మీద, అంటే గంటకు దాదాపు 20 కిలోమీటర్ల వేగంతో, పోతున్నదనుకో, గాలి మారలె, ఇంజన్ గట్లనే ఉన్నది, ఉన్నట్టుండి ఒకటి రెండు నాట్లు తగ్గింది. కింద ఏదో పట్టి గుంజుతున్నది అన్నట్టు. 2024 డిసెంబర్ 25న ఫిన్లాండ్, ఎస్టోనియా నడుమ ఎస్ట్‌లింక్ 2 అనే కరెంటు కేబుల్ తెగింది, 650 మెగావాట్లది. దాంతోటే నాలుగు టెలికాం కేబుళ్లు. ఆ గీత మీదికెళ్లి పోయింది ఈగల్ ఎస్ అనే ఆయిల్ ట్యాంకర్. కుక్ దీవుల జెండా, రష్యాల ఉస్త్‌లూగా నుంచి ఈజిప్టుకు పోతున్నది. ఫిన్లాండోళ్లు దాన్ని తమ నీళ్లలకు రమ్మని పిలిచి, వచ్చినంక తెల్లారకముందే హెలికాప్టర్ల పోలీసులను దింపిన్రు. చూస్తే ఒక లంగరు లేదు. అడుగున చూస్తే దాదాపు 90 కిలోమీటర్లు నాగలి దున్నినట్టు చాలు పడి ఉన్నది. జనవరిల లంగరు గూడ దొరికింది, పదకొండు టన్నులది.

ఆడ సముద్రం లోతు లేదు, గందుకే గివన్ని అయితున్నయి. ఫిన్లాండ్ సింధుశాఖ సగటు లోతు 38 మీటర్లు. నాగార్జునసాగర్ డ్యాం ఎత్తు ఎంత, 124 మీటర్లు. డ్యాం ఎత్తుల మూడోవంతు లేని నీళ్లల పదకొండు టన్నుల ఇనుము జారితే అడుగు తాకకుండ ఏడికి పోతది?

పంతులు_దేవరకొండ, రాత్రి 10:22

చాలా బాగా చెప్పారు. ఓటీడీఆర్ గురించి ఒక్క మాట. వెలుగు శూన్యంలో సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతే గాజు పోగులో సుమారు 2 లక్షలే పోతుంది. పంపిన వెలుగు సెకనులో వెయ్యో వంతుకు తిరిగొచ్చిందంటే పోవడం రావడం కలిపి 200 కిలోమీటర్లు, అంటే తెగిన చోటు 100 కిలోమీటర్ల దూరం. నేను పదో తరగతికి ప్రతిధ్వని పాఠం చెప్పేటప్పుడు ఊరబావి దగ్గరికి తీసుకెళ్లి అరిపించేవాణ్ని. లెక్క అదే.

సముద్రపు కేబుల్‌లో ఇంకో సంగతి ఉంది. 60 నుంచి 100 కిలోమీటర్లకు ఒకటి చొప్పున వెలుగును పెంచే పరికరాలు పెడతారు. వాటికి ఒడ్డు నుంచే వేల వోల్టుల కరెంటు ఆ కేబుల్‌లోనే పంపుతారు. ఇంతా చేసి లోతు సముద్రంలో ఆ కేబుల్ మందం మన పెరటి నీళ్ల పైపు అంతే. ఒడ్డు దగ్గర ఇనుప తీగలు చుట్టి, మట్టిలో మీటరు లోతున పూడుస్తారు.

అరుణ_వనపర్తి, రాత్రి 10:30

నీళ్ల పైపు అంతనా సార్! నేను మిషన్ భగీరథ పైపు అంత ఉంటదనుకున్న.

ఎరువుల_సేటు_కల్వకుర్తి, రాత్రి 10:48

మీరందరు చదువుకున్నోళ్లు మాట్లాడుతున్నరు, నడుమల వస్తున్న, ఏమనుకోకున్రి. 2024ల ఎర్రసముద్రంల ఒక ఓడ మునిగింది కద, రూబీమార్. దాంట్ల ఉన్నది మన సరుకే. అమ్మోనియం ఫాస్ఫేట్ సల్ఫేట్, 21 వేల టన్నులు. మా దుకాణంల ఇరవై ఇరవై సున్నా పదమూడు అంటం చూడు, గదే. ఆ వార్త నేను కేబుల్ కోసం చదవలే, సంచి ధర పెరుగుతదేమోనని చదివిన.

ఫిబ్రవరి 18న యెమెన్ హూతీల మిసైల్ తగిలింది. ఓడల ఉన్నోళ్లు లంగరేసి దిగి పోయిన్రు. ఖాళీ ఓడ గాలికి కొట్టుకపోయి, కింద లంగరు ఈడ్చుకుంట పోయి, ఆ నెల 24న మూడు కేబుళ్లు తెంపింది అన్నరు. మార్చి 2న మునిగింది. ఇప్పుడు చెప్పున్రి, ఎవని మీద కేసు పెడ్తరు? లంగరేసినోడు పాణం కాపాడుకుంటందుకు దిగిండు. మిసైల్ వేసినోడు కేబుల్ కోసం వెయ్యలే.

నడిగడ్డ_పోరడు, రాత్రి 10:55

సేటు, సంచి ధర పెరిగిందా మరి?

ఎరువుల_సేటు_కల్వకుర్తి, రాత్రి 10:57

అది వేరే విభాగంల మాట్లాడుకుందాం తమ్మీ.

వకీలు_పాలమూరు, రాత్రి 11:16

సేటు గారు అడిగిందే అసలు ప్రశ్న. ఓడను పట్టుకోవడం ఇప్పుడు కష్టం కాదు. నాకు తెలిసినంతలో ఈ కేసులన్నీ రెండు చోట్ల తడబడుతున్నాయి. కావాలని చేశాడని రుజువు చేయడం ఒకటి. అంతకంటే ముందు, ఈ కేసు వినే అధికారం ఏ కోర్టుకు ఉంది అన్నది రెండోది.

ఈగల్ ఎస్ కేసునే చూడండి. లంగరు లేదు, అడుగున చాలు ఉంది, దొరికిన లంగరు ఉంది, కేబుల్ యజమానులకు కనీసం 6 కోట్ల యూరోల నష్టం అన్నారు. కెప్టెన్ మీద, ఇద్దరు ఆఫీసర్ల మీద అభియోగం మోపారు. 2025 అక్టోబర్ 3న హెల్సింకీ జిల్లా కోర్టు ఏమంది? విచారణాధికారం మాకు లేదంది. కేబుల్ తెగిన చోటు ఫిన్లాండ్ ప్రాదేశిక జలాల్లో లేదు. తీరం నుంచి 12 నాటికల్ మైళ్లు, అంటే 22 కిలోమీటర్లు దాటితే ఆ నీళ్ల మీద దేశానికి చేపల హక్కు, చమురు హక్కు ఉంటాయి గానీ నేర విచారణ హక్కు ఉన్నట్టు కాదు. ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం 97వ అధికరణం ప్రకారం నౌకాయానంలో జరిగిన ప్రమాదానికి కెప్టెన్‌ను విచారించాల్సింది ఓడ జెండా దేశం (అంటే ఓడ రిజిస్టరైన దేశం), లేదా అతను పౌరుడైన దేశం. నిందితుల లాయరు ఖర్చులు కూడా ప్రభుత్వమే భరించాలంది కోర్టు. ప్రాసిక్యూటర్లు అప్పీలుకు వెళ్లారు.

మనకు ఇది కొత్త కాదు. 2012లో కేరళ తీరంలో ఇటలీ నావికులు మన జాలర్లను కాల్చిన కేసులో ఇటలీ ఇదే 97 ఎత్తింది. తుపాకీ పేల్చడం నౌకాయాన ప్రమాదం కిందికి రాదని 2013లో మన సుప్రీంకోర్టు చెప్పింది. లంగరు జారడం మాత్రం అచ్చంగా ఓడ నడకలో జరిగేదే కదా, అక్కడే పీటముడి.

తైవాన్‌లో ఎందుకు శిక్ష పడిందంటే చోటు మారింది. 2025 ఫిబ్రవరిలో హాంగ్ తై 58 అనే ఓడ తీరానికి దగ్గర్లోనే లంగరు దింపి పెంఘూ దీవులకు పోయే కేబుల్ తెంపింది. టోగో జెండా, చైనా సిబ్బంది. వాళ్ల నీళ్లు, వాళ్ల కోర్టు. జూన్‌కల్లా కెప్టెన్‌కు మూడేళ్లు.

శీనన్న_నకిరేకల్, రాత్రి 11:34

వకీల్ సాబ్, నా పెద్ద కథ ఇప్పుడు చెప్త, మీరు నవ్వుతరు.

మూడేండ్ల కింద జేసీబీని పట్టుకున్నమన్న కద. డ్రైవర్ పిలగాడు మంచోడు, "నేనే తగిలిచ్చిన అన్నా, కేబుల్ ఉన్నదని ఎవలు చెప్పలే" అని ఒప్పుకున్నడు. బండి ఓనర్ వేరే జిల్లా. రోడ్డు పని ఒకాయన పట్టిండు, కింద ఇంకొకాయనకు ఇచ్చిండు, ఆయన కింద మరొకాయన. సరే, స్టేషనుకు పోయి దరఖాస్తు ఇచ్చినం. ఆడ సారు స్పాట్ ఫోటో చూసి, మైలురాయి చూసి, "ఇది మా లిమిట్ల రాదు, కల్వర్టు దాటితే పక్క స్టేషనుది" అన్నడు. పక్క స్టేషనుకు పోతే "గుంత తీసుడు ఆ దిక్కు మొదలైంది కద, అక్కడ్నే ఇయ్యి" అన్నడు. నేను టేపు పట్టుకొని కల్వర్టు కాన్నుంచి కొలిచిన, పదకొండు మీటర్లు. రెండు స్టేషన్ల నడుమ నా మోటర్ సైకిల్ ఆరు తిరుగుడు తిరిగింది. ఆఖరుకు కోర్టుల వేసినం, ఇంక నడుస్తనే ఉన్నది.

ఒప్పుకున్నోడు ఉన్నడు, బండి ఉన్నది, తెగిన ముక్క నా ఇంట్ల సంచిల ఉన్నది. హెల్సింకీ అని మీరు రాస్తుంటె నాకు ఆ కల్వర్టే యాదికొచ్చింది.

పంతులు_దేవరకొండ, రాత్రి 11:40

శీను, ఆ ముక్క పారేయకు.

నడిగడ్డ_పోరడు, రాత్రి 11:52

మీరేం చెప్పున్రి, ఏడాదిన్నర లోపల్నే ఇన్ని ఓడల లంగర్లు ఎట్ల జారుతయి? 2023ల న్యూన్యూ పోలార్ బేర్, 2024 నవంబర్‌ల యీ పెంగ్ 3, డిసెంబర్‌ల ఈగల్ ఎస్, 2025 జనవరిల వేజెన్. అన్ని ఒక్క బాల్టిక్ సముద్రంలనే. సరంగన్నా, నీ ఓడ లంగరు ఎన్నిసార్లు జారింది?

సరంగు_మిర్యాలగూడ, రాత్రి 12:20

ఒక్కసారి గూడ జారలె. గని జారుతదేమో అన్న భయంతో రాత్రి రెండింటికి ముందు డెక్కు మీదికి పోయిన దినాలు మస్తున్నయి.

లంగరు ఎత్తినంక మూడు తాళాలు పడ్తయి. ఒకటి గొలుసు చుట్టే యంత్రం బ్రేకు. రెండు, గొలుసు కడియానికి అడ్డంగ పడే ఇనుప పట్టీ. మూడు, లంగరుకు గట్టిగ బిగించి కట్టే తాడు లాంటి ఉక్కు తీగ. మూడు సరిగ్గ ఉంటే తుఫాన్ల గూడ కదలదు. గని పాత ఓడల సంగతి వేరే. బ్రేకు లైనింగు అరిగి ఉంటది, పట్టీ తుప్పు పట్టి పూర్తిగ కిందికి పడదు, తీగ తెగితే "వచ్చే పోర్టుల చూద్దాం" అంటడు మా బాస్. అల వచ్చి ముందు భాగాన్ని కొడితే లంగరు తన గూట్లనే దడదడ కొట్టుకుంటది, ఆ సప్పుడు మా గదుల దాక ఇనబడ్తది. ఈగల్ ఎస్‌ను ఫిన్లాండోళ్లు తనిఖీ చేస్తే 32 లోపాలు బయటపడ్డయి. గసొంటి ఓడల లంగరు దానంతటదే జారదని నేను ఒట్టు పెట్టలేను.

వేజెన్ అయితే బల్గేరియా కంపెనీ ఓడ. లాత్వియా, స్వీడన్ నడుమ కేబుల్ తెంపింది. స్వీడన్ పట్టుకున్నది, వారం రోజులల్ల ఇడిచిపెట్టింది. వాతావరణం బాలేదు, సామాను బాలేదు, నడిపినోళ్లు సరిగ్గ నడపలేదు, గంతే గని కుట్ర లేదని వాళ్ల ప్రాసిక్యూటరే చెప్పిండు. పోలార్ బేర్ గ్యాస్ పైపును గూడ కొట్టింది, ఆరు టన్నుల లంగరు అడుగున దొరికింది. అది తుఫానుల జరిగిన ప్రమాదమని తర్వాత ఏడాదికి చైనా ఒప్పుకున్నది. యీ పెంగ్ నెల రోజులు డెన్మార్క్, స్వీడన్ నడుమ కట్టెగాట్ జలసంధిల లంగరేసి నిలబడ్డది, నాలుగు యూరప్ దేశాలోళ్లు ఎక్కి చూసిన్రు, కాని చైనా అధికారుల వెంబడి చూసుడే. కావాల్ననా, పొరపాటునా అన్నది స్వీడన్ నివేదిక తేల్చలే.

అనుమానం లేదని నేను అంటలే. లంగరు జారినంక 90 కిలోమీటర్లు ఎవనికి తెల్వకపోవుడు అన్నదాన్ని నేను గూడ మింగలేను. బ్రిడ్జి మీద డ్యూటీలున్నోనికి వేగం తగ్గింది కనబడాలె, ఇంజన్ రూముకు ఫోను కొట్టాలె. మాకు చార్టుల మీద కేబుల్ ఉన్న కాడ ఊదా రంగుల పాము మెలికల గీత ఉంటది. అది చూసి గూడ ఆగకుంట పోయిండంటే మొద్దుతనమన్న ఉండాలె, మోసమన్న ఉండాలె. ఆ రెండిటి నడుమ కోర్టుల తేల్చాలంటే బ్రిడ్జి మీది మాటలు రికార్డు చేసే పెట్టె కావాలె, ఓడ డైరీ కావాలె. ఇంకో పక్క, ఈగల్ ఎస్ కేసుల ముగ్గురు నిందితుల్ల ఒకరు మన దేశపోడే. నెలల తరబడి దేశం దాటొద్దన్నరు. ఆ వార్త టీవీల వస్తుంటె మా ఇంటామె చానల్ మార్చింది.

నిర్వాహకుడు, ఉదయం 6:40

రాత్రి రెండు పోస్టులు తీసేసిన. దేశాలను తిట్టుడు, మతాల ముచ్చట ఇక్కడ వద్దు. మిగిలింది మంచిగ నడుస్తున్నది, నడవనియ్యున్రి.

పంతులు_దేవరకొండ, ఉదయం 7:05

నడిగడ్డ తమ్ముడికి ఒక పాత ముచ్చట. ఓడెక్కి తనిఖీ చేయడం ఇప్పటిది కాదు. సముద్రం కింది తంతి తీగల రక్షణకు 1884లోనే పారిస్‌లో దేశాలు ఒప్పందం రాసుకున్నాయి. 1959 ఫిబ్రవరిలో కెనడాలోని న్యూఫౌండ్లాండ్ దగ్గర అట్లాంటిక్ కేబుళ్లు వరసగా తెగాయి. అమెరికా నౌకాదళం నొవొరొస్సీస్క్ అనే సోవియట్ చేపల ఓడను ఆపి, ఆయుధాలు లేకుండా ఐదుగురిని ఎక్కించి చూసింది. ప్రచ్ఛన్న యుద్ధం అంత వేడిగా ఉన్న రోజుల్లో! కావాలని చేసినట్టు ఏమీ దొరకలేదు. రెండు వైపులా ఉత్తరాలు రాసుకుని ఊరుకున్నారు.

2008 జనవరి చివర్లో ఈజిప్టు దగ్గర, తర్వాత దుబాయ్ దగ్గర కేబుళ్లు తెగి మన దేశంలో నెట్టు నడ్డి విరిగినప్పుడు కూడా ఎన్ని కుట్ర కథలు! చివరికి దుబాయ్ దగ్గర కేబుల్ మీద ఎవరో వదిలేసిన లంగరు దొరికింది, ఐదారు టన్నులది. ప్రపంచంలో ఏటా 150 నుంచి 200 సార్లు కేబుళ్లు తెగుతాయి, అందులో ఎక్కువ భాగం లంగర్లు, చేపల వలల వల్లే. అనుమానించు, కానీ ముందు ఈ అంకె గుర్తుంచుకో.

అరుణ_వనపర్తి, ఉదయం 7:30

తెగినంక అతుకుడు ఎట్ల సార్? కిందికి మనిషి పోతడా?

శీనన్న_నకిరేకల్, ఉదయం 7:52

పోడమ్మా. పాతాళగరిగె తెలుసు కద? చేదబావిల బకీటు పడితే కొక్కేల గుత్తి దింపి, గెలికి గెలికి పట్టి లాగుతరు. కేబుల్ ఓడ గూడ గదే దింపుతది. ఒక కొస పట్టి పైకి తెచ్చి, బెలూన్ లాంటి తెప్ప కట్టి నీళ్ల మీద ఇడిచిపెడ్తరు. రెండో కొస తెచ్చి, నడుమల కొత్త ముక్క పెట్టి, రెండు దిక్కుల జాయింటు కొడ్తరు. జాయింటు కొట్టే పని మాత్రం నేను కల్వర్టు మీద కూసొని చేసినట్టే. వెంట్రుకంత పోగును తుడిచి, కొస కోసి, మిషన్ల పెట్టి కాల్చి అతుకుడు. నాకు దుమ్ము గోస, వాళ్లకు ఓడ ఊగుడు గోస. ఒక వీడియో చూసిన, వాళ్ల బల్ల మీద ఉన్న మిషన్ నా మిషనే, రంగు గూడ అదే.

మా తాత పాతాళగరిగె ఇంక మా దొడ్లె దూలానికి వేలాడుతున్నది.

వకీలు_పాలమూరు, ఉదయం 9:10

ఈ చర్చలో రాకుండా మిగిలిన ఒక విషయం సరంగు గారికి పనికొస్తుంది. 115వ అధికరణం. కేబుల్‌కు తగలకుండా ఉండాలని ఓడ తన లంగరునో వలనో వదులుకుంటే, ముందు జాగ్రత్తలు అన్నీ తీసుకున్నానని చూపించగలిగితే, ఆ నష్టం కేబుల్ యజమాని ఇవ్వాలి. 1884 నాటి ఒప్పందంలోనూ ఇదే మాట ఉంది. అంటే తగులుకుందని తెలిసిన క్షణం గొలుసు విడిచి, రిపోర్టు చేస్తే కెప్టెన్‌కు చట్టం అండ ఉంది.

విశాఖకు 2025 అక్టోబర్‌లో గూగుల్ 1,500 కోట్ల డాలర్ల డేటా సెంటర్, దానితో పాటు సముద్రపు కేబుళ్లు ప్రకటించింది కదా. ఇప్పటిదాకా మన నెట్టు బరువులో ఎక్కువ భాగం ముంబై, చెన్నై మోశాయి. రేపు ఈ కేబుళ్లు మన పక్క రాష్ట్రంలో ఒడ్డెక్కుతాయి. ఇరవై రెండు కిలోమీటర్ల అవతల తెగితే ఏ స్టేషన్ అన్నది అప్పటికైనా రాసుకోవాలి.

సరంగు_మిర్యాలగూడ, ఉదయం 9:25

115 సంగతి నాకు ఏ కంపెనీల ఎవ్వలు చెప్పలె వకీల్ సాబ్. పరీక్షకు చదివినమో ఏమో, యాదికి లేదు. వచ్చే నెల ఓడెక్కుతున్న, మా కెప్టెన్‌ను అడుగుత. ఆ మూడు తాళాల ఫోటోలు గూడ పెడ్త ఇక్కడ.

శీనన్న_నకిరేకల్, ఉదయం 9:40

జేసీబీ బొచ్చె ఇడిచిపెడితే మేము పైసలియ్యాల్నా ఏంది సార్?

నడిగడ్డ_పోరడు, ఉదయం 9:41

😂😂

వకీలు_పాలమూరు, ఉదయం 10:02

శీను గారూ, మీ కేసు కాగితాలు ఒకసారి నాకు విడిగా పంపండి, చూస్తాను. హెల్సింకీ అప్పీలు తీర్పు వచ్చిన రోజు ఇక్కడే రాస్తాను.

శీనన్న_నకిరేకల్, ఉదయం 10:15

పంపుత సార్. మా వాయిదా సంక్రాంతి దాటినంక ఉన్నది. కల్వర్టుది ముందు తేల్తదా, హెల్సింకీది ముందు తేల్తదా చూద్దాం.